పై పొర కాయలు

మా చెల్లెలు డాక్టరై ఇంటికొచ్చిన మర్నాడే హాల్లో గోడ మీద ఒక తెల్ల చార్టు వెలిసింది. డాక్టరంటే సూది వేసే డాక్టరు కాదు. ఎండుమిరపకాయకి పట్టే బూజు మీద ఆరేళ్లు పరిశోధన చేసి, పెద్ద పెద్దవాళ్ల ముందు నిలబడి, వాళ్లడిగినవాటన్నిటికీ జవాబులు చెప్పి తెచ్చుకున్న డాక్టరేటు. ఊళ్లో ఎవరైనా "మీ చెల్లి ఏ రోగాలకి చూస్తదిరా?" అని అడిగితే, "నీకు జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గరికి పో, నీ కాయకి జ్వరమొస్తే మా ఇంటికి రా" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. నేను నోరు తెరిస్తే చాలు, మావాళ్లు ముందుగానే నవ్వడానికి సిద్ధమైపోతారు.

చార్టు సంగతి చెబుతాను. యూనివర్సిటీ హాస్టలు ఖాళీ చేసి, రెండు సూట్‌కేసులు, ఒక పుస్తకాల పెట్టె, పాత చీరలో చుట్టిన తేమ మీటరు పట్టుకుని మా చెల్లెలు అద్దంకిలో బస్సు దిగింది. ఫిబ్రవరి నెల. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. పొద్దున లేచేసరికి గోడకి చార్టు అతికించి స్కెచ్ పెన్నుతో మూడు గళ్లు గీసేసింది. మొదటి గడిలో హైదరాబాద్ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం. ఇంటర్వ్యూ అయిపోయింది, తీసుకుంటామన్నారు. చేరేదీ లేనిదీ ఆ నెల మూడో సోమవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పమన్నారు. రెండో గడిలో మైసూరులో ఇంకో రెండేళ్ల పరిశోధన. మూడో గడిలో "ఇక్కడే" అని ఒక్క మాట, దాని పక్కన ప్రశ్నార్థకం. ఒక్కో గడి కింద లాభాలు, నష్టాలు అని రెండు వరసలు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న పేపరు పైకి చదివే అలవాటు మానేశాడు. టీవీ మూగదైపోయింది. అమ్మ కుక్కర్ కూత పెట్టబోయే ముందు పరిగెత్తుకెళ్లి స్టవ్ తగ్గించేది. ఏమిటయ్యా అంటే అమ్మాయి ఆలోచించుకుంటోంది. ముప్పయ్యేళ్లు నిండిన మనిషి ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే ఇంటిల్లిపాదీ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లం. నేను సీజన్లో వారమంతా గుంటూరు మిర్చి యార్డులో ఉండి శని, ఆదివారాలు ఇంటికి వచ్చేవాణ్ణి. మొదటి శనివారం గుమ్మంలో అడుగుపెట్టి "ఏమే డాక్టరమ్మా!" అని కేకేశాను. అమ్మ కంగారుగా వచ్చి నోటి మీద వేలేసుకుంది. ఎవరో పోయారేమోనని భయపడ్డాను. తీరా చూస్తే చెల్లెలు రెండో గడిలో నష్టాలు రాస్తోంది.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. ఆపినవాళ్లు ఎవరూ లేరు, ఆపొద్దన్నవాళ్లూ ఎవరూ లేరు. లెక్కల పరీక్ష తప్పిన వారం మా కాయ గుంటూరు వెళుతోంది. లారీ పైన కూర్చుని కాపలా వెళ్లడానికి మనిషి కావాలి, నేను ఎక్కాను. తిరిగి రాలేదు. కమీషన్ దుకాణంలో ఉండిపోతానని కబురు పెడితే నాన్న అన్న మాట ఇప్పటికీ నాకు గుర్తే. "పోనీలే, వాడికి నోరుంది, ఎక్కడైనా బతికేస్తాడు." అందరూ మెచ్చుకోలుగా చెప్పుకున్నారు ఆ మాట. నేనూ చాలా ఏళ్లు మెచ్చుకోలే అనుకున్నాను. చార్టు గోడెక్కాక లెక్క వేసుకుంటే తేలింది. జీవితంలో తర్వాత ఏం చేయాలి అని ఆలోచించుకోవడానికి నాకు దొరికిన సమయం లారీకి తాళ్లు కట్టేంతసేపు.

యార్డులో నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. గింజలు గలగలమంటే ఎండింది. ముద్దగా కదిలితే లోపల తేమ ఉంది. మూతి బిగించిన టిక్కీ, అంటే మా మిరపకాయ సంచి, దాన్ని పక్కనుంచి చీల్చి నాలుగు కాయలు లాగి ఊపానంటే రైతు ఎన్నాళ్లు ఆరబోశాడో రోజులతో సహా చెప్పేస్తాను. మా దుకాణంలో నా మాట మీదే సరుకు కదులుతుంది. మా చెల్లెలు పరిశోధన మొదలుపెట్టిన ఏడాది వేసవిలో నా పక్కన పీట వేసుకుని కూర్చుని ఇదంతా నేర్చుకుంది. నేను ఊపి చెబితే, తను కాయ నలిపి మీటరులో పోసి అంకె చూసేది. నేను చెప్పిందీ అంకె చెప్పిందీ ఒకటే అయిన ప్రతిసారీ ఎగిరి గంతేసేది. మేమిద్దరం అంత సరదాగా గడిపిన వేసవి ఇంకోటి లేదు.

థీసిస్ పుస్తకం ఇంటికొచ్చినప్పుడు, నిజం చెప్పొద్దూ, నేను అందులో నన్ను వెతుక్కున్నాను. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలు చూడొచ్చుగా. మధ్యలో ఒకచోట చెవి దగ్గర కాయ పట్టుకున్న చెయ్యి ఫొటో ఉంది. చెయ్యి నాదే, గోరు మీద మచ్చ కూడా ఉంది. కింద ఏం రాశావే అని అడిగితే "స్థానిక పద్ధతి అని రాశానన్నయ్యా" అంది. మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుందని తనే తీసి చదివి వినిపించింది. దారి చూపినందుకు గైడ్‌కి. ఓపికకు అమ్మకి. నమ్మకానికి నాన్నకి. నవ్వించినందుకు అన్నయ్యకి.

"భలే రాశావే" అన్నాను. ఆ వారం కనబడిన ప్రతివాడికీ చెప్పాను, "ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కాను రోయ్, జోకర్ కోటాలో." వాళ్లు నవ్వారు. అదే పేజీలో ఓపిక, నమ్మకం ఎవరెవరికి వెళ్లాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండో శనివారం చెల్లెలు కల్లం దగ్గరికి వచ్చింది. నేను కాయ తిరగేస్తున్నాను.

"అన్నయ్యా, మూడో గడి గురించి నీతో మాట్లాడాలి."

"నాతోనా? నా సలహా తీసుకున్నావని తెలిస్తే ఇచ్చిన డిగ్రీ వెనక్కి లాక్కుంటారే."

"వేళాకోళం ఆపు కాసేపు."

ఆపాను. చెప్పింది. అద్దంకి రోడ్డులో కోల్డ్ స్టోరేజీల పక్కన ఒక గది తీసుకోవాలని ఉందిట. రైతు కాయని లారీకెక్కించే ముందు అక్కడ తేమ చూపించుకుంటాడు. కొన్నాళ్లకి బూజు విషం పరీక్ష కూడా పెడుతుంది. "గుంటూరు దాకా మోసుకెళ్లాక తేమ ఉందని ధర తెగ్గొడితే అక్కడ ఏం చేస్తారన్నయ్యా? వచ్చినకాడికి అమ్ముకుని వస్తారు. ఇక్కడే తెలిస్తే ఇంకో రెండ్రోజులు ఆరబోసుకుంటారు కదా" అంది. చెబుతుంటే కళ్లు మెరుస్తున్నాయి. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "కానీ నేను చెబితే ఎవరూ వినరు. నువ్వు చెబితే వింటారు. నువ్వు నా పక్కన ఉంటేనే ఇది అవుతుంది" అంది.

ఇంకే అన్నయ్య అయినా పొంగిపోయేవాడు. నేను కాయ తిరగేస్తూ వేరే ఆలోచించాను. ఒక ఏడాది తను నా పక్కన కూర్చుంటుంది. ఆ తర్వాత నేను తన పక్కన కూర్చుంటాను. ఆ తర్వాత నా కుర్చీ ఎందుకని ఎవరో తీసేస్తారు. అంకె చూపించే గిన్నె ఉండగా నా చెవి ఎవడిక్కావాలి? ఇంగ్లీషు తనది, డాక్టరేటు తనది, ఇంటి నిశ్శబ్దం తనది. ఈ కల్లాలు, ఈ యార్డు, "ఒరేయ్ వాణ్ణి పిలవండ్రా, కాయ చూస్తాడు" అనే ఆ ఒక్క పిలుపూ నావి. ఇప్పుడు అందులోకీ వస్తానంటోంది.

"హైదరాబాద్ వెళ్లవే" అన్నాను, ఎంత ప్రేమగా అన్నానో నాకే ఆశ్చర్యం వేసింది. "తలుపు మీద డాక్టర్ అని నీ పేరు. ఏసీ గది. నువ్వు లోపలికొస్తే పిల్లలంతా లేచి నిలబడతారు. ఈ ఘాటులో తుమ్ముకుంటూ ఏం చేస్తావు?"

నాన్నతో ఇంకో రాగం తీశాను. "అంత చదువు చదివించి మళ్లీ కల్లాల మీద తిప్పుతావా? రేపు నలుగురూ ఏమంటారు?" నాన్నకి నలుగురంటే చాలు. సాయంత్రానికల్లా మొదటి గడిలో లాభాల కింద ఇంకో రెండు లైన్లు చేరాయి. అమ్మతోనూ మాట్లాడాను. మా ఆవిడ మాత్రం అన్నం వడ్డిస్తూ నా మొహంలోకి చూసింది.

"ఆ పిల్ల ఇక్కడుండటం మీకిష్టం లేదు కదూ?"

"ఛ ఛ, దాని బాగు కోసమే..."

"అదే మాట నవ్వకుండా చెప్పండి చూద్దాం."

పులుసు బాగుందన్నాను.

గడువుకి ముందున్న చివరి ఆదివారం ఒక ప్రయత్నం చేస్తానంది చెల్లెలు. ఊళ్లో రైతుల్ని పదిమందిని పిలిచి మా కల్లంలోనే మీటరు చూపించాలి. వాళ్లు ఆసక్తి చూపిస్తే మూడో గడి, లేకపోతే సోమవారం హైదరాబాద్‌కి ఒప్పుకుంటూ మెయిల్. పిలిచే పని నాకే అప్పజెప్పింది. పదిమందేం ఖర్మ, పదిహేను మందిని పోగేశాను.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. బాగా ఎండిన కాయని సంచిలో పోసి కాళ్లతో తొక్కితే విరిగిపోయి గింజ రాలిపోతుంది. అందుకని తొక్కే ముందురోజు సాయంత్రం రాశి మీద నీళ్లు చిలకరించి పట్టా కప్పుతారు. పొద్దుటికి పై పొర మెత్తబడుతుంది. తూకం కూడా ఒక పిసరు పెరుగుతుందనుకోండి. అందరూ చల్లుతారు. ఎవరూ చెప్పుకోరు. కొనేవాడు అడిగితే "మేం చల్లమండీ" అనాలి, అడక్కపోయినా అనాలి. ఇంట్లో గొడవలు టీ కొట్టు దగ్గర విప్పిచెప్పుకునే మనుషులు, నీళ్లు చల్లే మాట వచ్చేసరికి కట్టుకున్న పెళ్లాంతో కూడా మాట్లాడరు.

ఆదివారం మధ్యాహ్నం మా రాశి తొక్కించాలి కాబట్టి శనివారం సాయంత్రం నేనే చల్లాను. నాన్న పట్టా అంచు పట్టుకున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆదివారం పొద్దున అందరూ వచ్చారు. చెల్లెలు ప్లాస్టిక్ కుర్చీ మీద మీటరు పెట్టి, ఇంట్లోంచి వైరు లాగి మిక్సీ పెట్టింది. కాయ పొడి చేసి గిన్నెలో పోస్తే అంకె వస్తుంది, పది పదకొండు ఉంటే మంచి కాయ, పైకి పోతే బూజు భయం అని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"దీని మీద నీళ్లు చల్లారా అన్నయ్యా?"

పదిహేను మంది చూస్తున్నారు. "మనం చల్లం కదమ్మా" అన్నాను. ఒక్కడి మొహమూ మారలేదు. అక్కడున్న ఎవణ్ణడిగినా అదే చెప్పేవాడు. నాన్న తువ్వాలు దులుపుకున్నాడు. ఆ ఒక్క అబద్ధంతో ఆగితే అది ఊరి అలవాటు కింద పోయేది.

"అయితే మచ్చు అన్ని పొరల్లోంచీ తియ్యి" అంది.

ముందు నా వంతు. చెయ్యి రాశి అడుగు దాకా దూర్చి నాలుగు కాయలు లాగి ఊపాను. "పన్నెండు రోజులు ఆరింది, అద్దంలా ఉంది" అన్నాను. అందరికీ తెలిసిన సంగతే, పన్నెండు రోజులుగా చూస్తున్నారు. తర్వాత మీటరు వంతు. ఈసారి చెయ్యి లోపలికి పెట్టినట్టే పెట్టి, పై పొరలోంచి గుప్పెడు తీశాను. చేతికి తోలులా తగిలింది. చెల్లెలు ముట్టుకుంటే వెంటనే తెలిసిపోయేది. "నువ్వుండవే, ఘాటు" అని నేనే మిక్సీలో వేసి తిప్పేశాను. మూత సరిగా పడక అందరం తుమ్మాం.

మీటరు పదిహేను చూపించింది.

చెల్లెలు మీటరు తట్టి చూసింది. ఇంక నా నోరు ఊరుకుంటుందా? "మిషన్‌కి దాహమేసినట్టుందర్రా, ఎవరన్నా మంచినీళ్లివ్వండి" అన్నాను.

కల్లం దద్దరిల్లింది. ఒక ముసలాయన, నాన్నకి వరసకి తమ్ముడు, మాకు బాబాయ్, నవ్వలేక నడుం పట్టుకున్నాడు. "అమ్మాయ్, పన్నెండు రోజులు ఎండిన కాయకి పదిహేనా? ఇంతోటి దానికి ఆరేళ్లెందుకమ్మా, మీ అన్నని అడిగితే సరిపోయేది కదా!" ఆ మాట కోసమే నేను ఇన్నాళ్లు ఎదురుచూశాననిపించింది. వినగానే చాలా బాగుంది. మా చెల్లెలు మొహం ఎర్రబడింది, కానీ తల వంచలేదు. "మీ టైము వృథా చేశాను, క్షమించండి" అని అందరికీ నమస్కారం పెట్టింది. తర్వాత నోటు పుస్తకం తీసి పదిహేను అని రాసి, పక్కన "ఎందుకు?" అని రాసుకుంది.

అందరూ వెళ్లాక, "ఇవాళ తొక్కించొద్దు నాన్నా, రేపు ఇంకోసారి చూస్తాను" అంది. నన్ను అడిగింది, "మచ్చు ఎక్కడ తీశావన్నయ్యా?" అనుమానంగా కాదు, వంటలో ఉప్పెంత వేశావు అని అడిగినట్టు.

"నడిమిలో."

"సరే" అని అది కూడా రాసుకుంది. ఓడిపోయినప్పుడు కూడా ఏం చేయాలో తెలిసిన మనిషి. దానికీ కుళ్లుకున్నాను. నేను ఓడిపోతే జోకు వేస్తాను, అంతకుమించి నాకు చేతకాదు.

ఆ సాయంత్రం మూడో గడి మీద గీత పడింది.

సోమవారం తెల్లారకుండానే బస్సెక్కి గుంటూరు వెళ్లాను. యార్డులో టిక్కీలు కొండల్లా ఉన్నాయి. తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"అన్నయ్యా, పొద్దున్నించీ తొమ్మిదిసార్లు పెట్టాను. అన్నిసార్లూ పదే వస్తోంది. అదే రాశి. నిన్న పదిహేను, ఇవాళ పది. ఒకే కాయకి రెండు అంకెలు చెప్పే మీటరుని నమ్మకూడదు కదా."

నాకర్థమైంది. నిన్నంతా పట్టా తీసి ఉంది, పై పొర ఎండకి ఆరిపోయింది.

"వదిలెయ్యవే, హైదరాబాద్ వెళుతున్నావుగా."

"ఎలా వదిలేస్తాను? థీసిస్‌లో లెక్కలన్నీ ఈ మీటరుతోనే తీశాను. ఇది తప్పయితే అవన్నీ తప్పే. పది నిమిషాల్లో గైడ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. హైదరాబాద్ వాళ్లకి కూడా చెప్పాలి, తేలేదాకా చేరనని." గొంతు వణకలేదు. అదే నన్ను భయపెట్టింది. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి.

పక్కన హమాలీలు టిక్కీలు విసురుతున్నారు. నేను ఒక టిక్కీ మీద కూలబడ్డాను. జోకు ఒక్కటీ రాలేదు నోటికి.

"ఫోన్ చెయ్యకు. పై పొరలో తీశాను."

"ఏంటి?"

"మచ్చు. నడిమిలో కాదు, పై పొరలో. శనివారం సాయంత్రం నీళ్లు చల్లిన కాయ. అందుకే నిన్ను ముట్టుకోనివ్వలేదు."

ఫోన్లో ఒక కేక. "అయితే మీటరు కరెక్టే! అమ్మా, మీటరు కరెక్టేనే!" ఆ సంతోషం చూసి నాకూ నవ్వు రాబోయింది. అంతలో గొంతు మారిపోయింది.

"కావాలనే చేశావా?"

"ఊఁ."

"నవ్వుతున్నావా?"

"లేదే."

"ఇంటికి రా" అని పెట్టేసింది.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. కల్లంలో రాశి పక్కనే కూర్చుని ఉంది. అన్నం కూడా తిన్నట్టు లేదు.

"నేను పొద్దున గైడ్ నంబరు తీసి నొక్కబోయాను, తెలుసా? ఆరేళ్లు అబద్ధం రాశానని చెప్పుకోబోయాను. ఎందుకు చేశావు?"

"నీకు మూడు గళ్లున్నాయే" అన్నాను. "ఒకటి కొట్టేసినా ఇంకా రెండున్నాయి. నాకున్నది ఒక్క చెవి. నువ్విక్కడ గది తెరిస్తే దాన్ని ఎవడు అడుగుతాడు?"

తను ఒక కాయ తీసి మళ్లీ రాశి మీదే పడేసింది. "ఆ మాట నాకు ముందే చెప్పొచ్చుగా. అందుకే కదా నీతో మాట్లాడాలన్నాను. నువ్వేమో ఏసీ గది అన్నావు." తర్వాత లేచి చీర దులుపుకుంది. "నిన్న పదిహేను మంది ముందు చేశావు. ఆ పదిహేను మందికీ చెప్పు. ఐదింటికి నేను మెయిల్ పెట్టాలి."

టీ కొట్టు దగ్గర ఏడెనిమిది మంది దొరికారు. చెప్పాను. మేం నీళ్లు చల్లామని, నేను పై పొరలో తీశానని, మిషన్ సరిగానే చెప్పిందని. చెప్పడం పూర్తయ్యేలోపే నవ్వులు మొదలయ్యాయి.

"చెల్లెలి పరువు కాపాడటానికి భలే కథ అల్లావురోయ్!"

"అన్నంటే నువ్వేరా! మా వాడూ ఉన్నాడు, ఎందుకూ?"

"నిజం చెబుతున్నా" అన్నాను. ఇంకా నవ్వారు. "అమ్మ తోడు" అన్నాను. బాబాయ్‌కి టీ పొలమారింది. ముప్పయ్యేళ్లుగా పెంచి పోషించిన పేరు, నేను వద్దన్నా నన్ను వదలడం లేదు. చివరికి నవ్వుకుంటూనే కల్లానికి వచ్చారు, ఇంకేదో వేడుక చేస్తాడనుకుని.

చెంబు తీసుకుని, వాళ్లందరి ఎదుట, పట్టపగలు, రాశికి ఒక పక్కన నీళ్లు చిలకరించాను. నవ్వులు ఆగిపోయాయి. మా ఊళ్లో ఇంకొకడి ముందు ఆ పని చేసినవాణ్ణి అంతవరకు ఎవరూ చూసుండరు. ఒకాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు, చూడకూడనిదేదో చూసినట్టు. పట్టా కప్పి గంటసేపు కూర్చున్నాం. తర్వాత చెల్లెలు తనే చెయ్యి పెట్టి పై పొరలో గుప్పెడు, అడుగున గుప్పెడు తీసింది. వాళ్లందరి చేతికీ ఇచ్చి నొక్కి చూడమంది. పైది పదిహేను. అడుగుది పది.

"శనివారం సాయంత్రం కూడా చల్లాం" అన్నాడు నాన్న. ఎవరూ అడగలేదు. "పట్టా నేనే పట్టుకున్నా. నిన్న అమ్మాయిని చూసి అందరూ నవ్వుతుంటే నోరు మూసుకు కూర్చున్నా." ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అందరం చల్లుతాం లేన్నా" అన్నాడు బాబాయ్. "చెప్పుకుంటామా ఏంటి?" మీటరు దగ్గరికి జరిగి కూర్చుని, కళ్లజోడు సర్దుకుని అంకె వైపు చూశాడు. "అమ్మాయ్, ఒక మాట చెప్పు. ఎన్ని నీళ్లు చల్లితే దీనికి తెలీదు?"

అందరూ పక్కున నవ్వారు. ఈసారి నా ప్రమేయం లేదు. మా చెల్లెలు కూడా, పొద్దున్నించీ మొదటిసారి, పడీ పడీ నవ్వింది.

"కాయ తీసుకురండి బాబాయ్, ఇద్దరం కలిసి కనుక్కుందాం. ఎన్ని నీళ్లయితే బూజు పడుతుందో కూడా చెబుతాను."

బాబాయ్ నిజంగానే లేచి వెళ్లాడు. ఇంకో ఇద్దరు కూడా ఒకళ్లనొకళ్లు చూసుకుని, "మాదీ ఒకసారి చూడమ్మా" అంటూ వెళ్లారు. టైము నాలుగున్నర. చెల్లెలు ఫోన్ పట్టుకుని కల్లం చివరకు నడిచింది. మెయిల్ కాదు, హైదరాబాద్ వాళ్లతో మాట్లాడి చెప్పడమే మర్యాద అంది. ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. సారీ అనే మాట రెండుసార్లు, థాంక్యూ అనే మాట మూడుసార్లు వినబడింది.

"ఏమన్నారమ్మా?" అడిగాడు నాన్న.

"వారం టైమిస్తాం, ఆలోచించుకోండి అన్నారు నాన్నా. అక్కర్లేదండీ అన్నాను."

అప్పటికి నా కుళ్లు పోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆ మాట విన్నప్పుడు ఇంకొంచెం పెరిగింది. ఈ జన్మలో నాకెవరూ వద్దనదగ్గ ఉద్యోగం ఇస్తామనలేదు. ఇంకో వారం ఆలోచించుకో అని బతిమాలలేదు. తను అలాంటిది అక్కర్లేదనేసి, ఫోన్ జాకెట్లో దోపుకుని, మిక్సీ జార్ గుడ్డతో తుడుస్తోంది. మా ఇంట్లో పుట్టిన పిల్లే, నా వేలు పట్టుకుని నడక నేర్చిన పిల్లే.

బాబాయ్ రెండు సంచుల్లో కాయ మోయించుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ నేను ముందుకెళ్లి సంచిలో చెయ్యి పెట్టబోయాను.

"మచ్చు నేను తీస్తాను" అంది చెల్లెలు, నా మొహం చూడకుండా. "నువ్వు సంచి మూతి పట్టుకో."

పట్టుకున్నాను.